పాత కారు సెంటర్ లాక్: పొద్దున పలుకుతుంది, రాత్రి మొండికేస్తుంది

తుంగభద్ర గట్టు (కర్నూలు)
మే 4, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మా నాయన 2008లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఇప్పుడు నా చేతిలో ఉంది. ఇంజన్‌కు ఢోకా లేదు, ఏసీ కూడా ఈ ఎండలకు బాగానే తట్టుకుంటోంది. గొడవంతా సెంటర్ లాక్‌తోనే. కంపెనీ నుంచి వచ్చిన లాకే, రెండు బటన్ల రిమోట్.

పొద్దున ఆఫీసుకు బయల్దేరేటప్పుడు నొక్కితే గేటు దగ్గర్నుంచే తెరుచుకుంటుంది. రాత్రి ఇంటికొచ్చి లాక్ చేద్దామంటే అద్దానికి ఆనించి నొక్కినా పలకదు. పలికిన రోజు ఇంకో తమాషా. డోర్ల లాకులన్నీ టక్కుమని పడతాయి, మరుక్షణం టక్కుమని లేచిపోతాయి. వెనక ఎడమ డోరైతే అసలు పడనే పడదు, లోపల ఏదో గుర్రుమంటుంది అంతే. రోజూ రాత్రి వెనక సీట్లోకి వంగి చేత్తో నొక్కి, తర్వాత తాళంచెవితో ముందు డోరు వేసి వస్తున్నా.

రిమోట్‌లో సెల్లు ఇప్పటికి రెండుసార్లు మార్చాను. ఒక షాపులో చూపిస్తే బానెట్ కూడా ఎత్తకుండా "మాడ్యూల్ పోయింది, 9,500 అవుతుంది" అన్నారు, లాకులన్నింటినీ నడిపే డబ్బా అట. పెట్టమంటారా?

కడప కారం (కడప)
మే 4, రాత్రి 10:15

రాత్రి డ్యూటీ చేయనంటోందేమో అన్నా, ఓవర్‌టైము ఇచ్చి చూడు.

సరే, నవ్వులాట పక్కన పెడితే నా అనుమానం ఎండ మీద. పగలంతా కాగిన బండిలో మాడ్యూల్ వేడెక్కి ఉంటుంది. తెల్లారేసరికి చల్లబడి మళ్ళీ మామూలే. మా కడపలో మధ్యాహ్నం స్టీరింగ్ ముట్టుకోవాలంటే గుడ్డ కావాలి, మాడ్యూల్‌కు మాత్రం ప్రాణం కాదా?

బురుజు నీడ (కర్నూలు, నిర్వాహకుడు)
మే 5, ఉదయం 6:40

గట్టు గారూ, మీ పోస్టులో షాపు పేరు, బండి కంపెనీ పేరు తీసేశాను. ఇక్కడి రూలు తెలిసిందే కదా. మోడల్ సంవత్సరం చాలు.

ఒక్క ప్రశ్న. బండి 2008 నుంచి కర్నూలులోనే ఉందా? 2009 అక్టోబరు 2 వరదలో పాతబస్తీలో మునిగిన బండ్లు తర్వాత కడిగి తుడిచి చాలా చేతులు మారాయి. వాటిలో సీట్లు కొత్తవి వేస్తారు గానీ కార్పెట్ కింద కనెక్టర్లను ఎవరూ పట్టించుకోరు. ఏళ్ళు గడిచాక అక్కడ రాగికి పచ్చ చిలుము పడుతుంది, అప్పుడు ఒక్కో స్విచ్చూ ఒక్కో రకంగా ఏడుస్తుంది.

తుంగభద్ర గట్టు
మే 5, ఉదయం 7:05

లేదు సార్. అప్పుడు నాయన ఉద్యోగం డోన్‌లో, బండి కూడా అక్కడే. కార్పెట్ లేపి చూశాను, ఎక్కడా తడి మరకలు లేవు. ఒక వేరుశనక్కాయ, నా పదో తరగతి హాల్‌టికెట్టు దొరికాయి.

గుత్తి రోడ్డు మేస్త్రి (అనంతపురం)
మే 5, మధ్యాహ్నం 2:20

నేను పద్దెనిమిదేళ్ళుగా కారు వైరింగ్ పనే చేస్తున్నా. మాడ్యూల్ మాట ఇప్పుడే ఎత్తొద్దు తమ్ముడూ. సెంటర్ లాక్ బండ్లు పది వస్తే మాడ్యూల్ పోయినది ఒకటుంటే గొప్ప. పైగా కొన్ని బండ్లలో ఆ మాడ్యూల్‌కూ ఇమ్మొబిలైజర్‌కూ (సరైన తాళంచెవి కాకపోతే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ముడి ఉంటుంది. పాత సామాన్ల కొట్టు నుంచి వేరే బండిది తెచ్చి పెడితే లాకు సంగతి అటుంచి, ఇంజనే స్టార్ట్ కాదు.

ముందు తప్పు రిమోట్‌దా, బండిదా తేల్చు. రిమోట్ ఇంట్లో పడేసి ఇవి చేసి చూడు. డ్రైవర్ డోర్లో తాళంచెవి తిప్పి లాక్ చెయ్, మిగతా డోర్లు ఏం చేస్తున్నాయో చూడు. తర్వాత లోపల కూర్చుని డ్రైవర్ డోర్ గుబ్బ నొక్కి చూడు. ఇదే పని డ్రైవర్ డోరు బార్లా తెరిచి ఒకసారి, పూర్తిగా మూసి ఒకసారి చెయ్. డోరు తెరిచినప్పుడు ఒకలా, మూసినప్పుడు ఒకలా ఉంటే నాకు సగం జవాబు దొరికినట్టే.

బ్యాటరీ ఓల్టు కూడా చూడు. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున 12.5, 12.6 ఉండాలి. 12 కంటే దిగితే లాక్ మోటార్లన్నీ నీరసంగా కొట్టుకుంటాయి, అదో గోల.

ఎర్రమట్టి 2011 (ఆదోని)
మే 5, సాయంత్రం 5:30

చర్చను పక్కకు లాగుతున్నందుకు క్షమించండి, నాదీ రిమోట్ బాధే. కేసు పగిలిపోయిందని ఆన్‌లైన్‌లో ఖాళీ కేసు తెప్పించి లోపలి బోర్డు దాంట్లోకి మార్చాను. డోర్లు బ్రహ్మాండంగా తెరుచుకుంటున్నాయి. బండి మాత్రం స్టార్ట్ కాదు, మీటర్లో తాళంచెవి గుర్తు మిణుకుమిణుకుమంటోంది. ఇదేం న్యాయం?

రేడియో మాష్టారు (ప్రొద్దుటూరు)
మే 5, సాయంత్రం 6:10

ఎర్రమట్టీ, పాత కేసు పారేశారా? పారేయకపోతే వెంటనే వెతకండి. అందులో తాళంచెవి మొదట్లో బియ్యపు గింజకన్నా కాస్త పెద్ద గాజు గొట్టం గానీ, నల్లటి చిన్న బిళ్ళ గానీ గుంటలో దిగి ఉంటుంది. అదే ఇమ్మొబిలైజర్ చిప్పు. దానికి సెల్లు అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఒక తీగ చుట్ట ఉంటుంది, అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే చిప్పు తనకు కావలసిన కరెంటు తీసుకుని జవాబు చెబుతుంది. డోర్లు తెరిచే రిమోట్ బోర్డు వేరే సంసారం. అందుకే సెల్లు చచ్చిపోయినా తాళంచెవితో బండి స్టార్ట్ అవుతుంది, మీ విషయంలో తిరగబడింది.

ఎర్రమట్టి 2011
మే 5, సాయంత్రం 6:45

దొరికింది మాష్టారూ! చెత్తబుట్టలో, అరటి తొక్కల కింద. చిప్పు కొత్త కేసులో పెట్టగానే ఒక్క సెల్ఫుకే స్టార్ట్. మున్సిపాలిటీ బండి రేపు పొద్దున వచ్చేది. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు, చెప్పను కూడా.

తుంగభద్ర గట్టు
మే 5, రాత్రి 10:30

మేస్త్రి అన్నా, చెప్పినట్టే చేశాను. రిమోట్ బీరువాలో పెట్టేసి మరీ.

బ్యాటరీ 12.5 ఉంది. డ్రైవర్ డోరు మూసి తాళంచెవి తిప్పితే అదే వేషం, పడటం లేవడం. డోరు బార్లా తెరిచి గుబ్బ నొక్కితే మాత్రం మిగతావి పడి అలాగే ఉండిపోయాయి. ఐదుసార్లు చూశాను, ఐదుసార్లూ అంతే. డోరు సగానికి మూస్తుంటే, నేనేమీ నొక్కకుండానే ఒకసారి టక్కుమంది! వెనక ఎడమది ఏ రకంగా చూసినా గుర్రుమనడమే.

రాత్రి రిమోట్ పలకకపోవడం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు బయటికెళ్ళి నొక్కి వచ్చాను, ఉలుకూ లేదు పలుకూ లేదు.

గుత్తి రోడ్డు మేస్త్రి
మే 6, ఉదయం 8:15

అదీ సంగతి. నీ బండికి రోగం ఒకటి కాదు, మూడు. వేటికవే వేరు. మూడూ కలిసి కనబడేసరికి మాడ్యూల్ మీద పడ్డారు.

పడి లేవడం డ్రైవర్ డోర్ వైరుది. డోరుకూ బాడీకీ మధ్య, కీలు పక్కన రబ్బరు గొట్టం ఉంటుంది చూడు. అద్దానికి, లాకుకు, స్పీకరుకు వెళ్ళే వైర్లన్నీ అందులోంచే పోతాయి. డోరు తెరిచిన ప్రతిసారీ అవి ఒకసారి వంగి ఒకసారి చాచుకుంటాయి. రోజుకు పదిసార్లు తెరిచినా ఏడాదికి మూడున్నర వేలు దాటుతుంది, నీ బండికి ఎన్నేళ్ళో నువ్వే లెక్కేసుకో. లోపల రాగి తెగిపోతుంది, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. అందుకే కంటికి కనబడదు, రెండు వేళ్ళతో మెల్లగా లాగితే రబ్బరులా సాగుతుంది.

డ్రైవర్ డోర్ లాకులో మోటారుతో పాటు చిన్న స్విచ్చు కూడా ఉంటుంది. "నేను పడ్డాను" "నేను లేచాను" అని మాడ్యూల్‌కు కబురు పంపేది అదే. ఆ కబురు వైరు తెగి తగిలి తెగి తగిలి చేస్తుంటే, మాడ్యూల్ ఎవరో లోపల్నుంచి లాక్ తీశారనుకుని అన్నింటినీ లేపేస్తుంది. మాడ్యూల్ తప్పేమీ లేదు పాపం, చెప్పినట్టు వింటోంది.

వెనక డోరుది మోటారే. గుర్రుమంటోందంటే కరెంటు వస్తోంది, లోపల పళ్ళ చక్రం అరిగిపోయింది. లేకపోతే లాక్ కడ్డీ దుమ్ముకు బిగుసుకుపోయింది. డోర్ ప్యాడ్ (డోరు లోపలి వైపు అట్ట) విప్పితేనే తెలుస్తుంది.

రాత్రి రిమోట్ సంగతి నాకూ అంతుబట్టలేదు. మాష్టారుకు వదిలేస్తున్నా.

కడప కారం
మే 6, ఉదయం 9:00

నా ఎండ సిద్ధాంతానికి ఒక్క ఓటైనా లేదా?

రేడియో మాష్టారు
మే 6, మధ్యాహ్నం 1:40

కారం గారూ, ఎండదే తప్పయితే మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు దగ్గర కూడా పలకకూడదు. గట్టు గారూ, అక్కడ ఎలా ఉంది? ముందు సెల్లు సంగతి కూడా తేల్చండి. నంబరు ఏమిటి, ఎక్కడ కొన్నారు?

సెల్లు నంబరులోనే కొలతలు ఉంటాయి. సీఆర్ 2032లో 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. కొట్టువాడు 2032 లేదని 2025 అంటగడితే వెడల్పు సరిపోతుంది, మందం 2.5 మాత్రమే కాబట్టి లోపల కదులుతుంది. ఒకసారి పలికి ఒకసారి పలకకపోవడానికి అదొక కారణం. మీటరు పెట్టి 3 ఓల్టులు చూపించిందని కూడా నమ్మకండి. పాతబడిన సెల్లు ఊరికే ఉన్నప్పుడు 3 చూపిస్తుంది, బటన్ నొక్కగానే కూలబడుతుంది. బటన్ నొక్కి పట్టుకుని కొలవాలి.

ఇంకొక ప్రశ్న. ఇంట్లో కారు ఎక్కడ పెడతారు? అక్కడ ఏయే కరెంటు సామాన్లు ఉన్నాయి?

తుంగభద్ర గట్టు
మే 6, రాత్రి 8:20

సెల్లు 2032నే, బటన్ నొక్కి కొలిచినా 3 దగ్గరే నిలబడింది. ఆఫీసు దగ్గర మధ్యాహ్నం ఎర్రటి ఎండలో కూడా ఇరవై అడుగుల నుంచి పలికింది. కారం అన్నా, సారీ.

ఇంట్లో గేటు పక్కన రేకుల షెడ్డు ఉంది, కారు అందులోనే. పెద్ద సామాన్లేమీ లేవు. ఒక ట్యూబ్‌లైటు ఉండేది, ఉగాదికి పీకేసి ఎల్‌ఈడీ బల్బు పెట్టాను. చీకటి పడితే వేస్తాం, పడుకునేటప్పుడు తీసేస్తాం.

రేడియో మాష్టారు
మే 6, రాత్రి 8:35

ఇప్పుడే వెళ్ళి ఆ బల్బు ఆర్పేసి రిమోట్ నొక్కండి.

తుంగభద్ర గట్టు
మే 6, రాత్రి 8:52

మాష్టారూ మీ పాదాలు ఎక్కడ!

బల్బు ఆర్పి నొక్కితే వరండాలోంచే పలికింది. వేసి నొక్కితే చచ్చినట్టు మౌనం. మా అమ్మ స్విచ్చు దగ్గర, నేను కారు దగ్గర, పది నిమిషాలు ఇదే ఆట. పక్కింటాయన గోడ మీంచి చూసి "ఏమైందప్పా, ఫేజు పోయిందా" అన్నాడు. ఎలా చెప్పాలో తెలియక "ఆ, పోయింది" అన్నాను.

బల్బుకూ రిమోట్‌కూ ఏం పగ సార్?

కడప కారం
మే 6, రాత్రి 9:01

నేను ఎండ అన్నాను, చివరికి వెలుతురే దొంగ అయింది. సగం మార్కులు వేసుకోవచ్చా?

రేడియో మాష్టారు
మే 6, రాత్రి 9:40

చౌక ఎల్‌ఈడీ బల్బు లోపల కరెంటును సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ చేసే చిన్న సర్క్యూట్ ఉంటుంది. దానికి సరైన ఫిల్టరు పెట్టాలంటే నాలుగు రూపాయల ఖర్చు. అది మిగుల్చుకున్న బల్బు చుట్టూ రేడియో రొద వెదజల్లుతూనే ఉంటుంది. కారు రిమోట్లు మన దగ్గర ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. నాణెమంత సెల్లుతో నడిచే రిమోట్ గొంతు ఎంత? ఉరుసులో మైకు పక్కన నిలబడి చెవిలో గుసగుస చెప్పినట్టు ఉంటుంది. కారు చెవిటిదైపోలేదు, ఆ రొదలో మీ మాట వినబడలేదంతే. రిమోట్‌ను అద్దానికి ఆనించినా అందుకే లాభం లేకపోయింది. మీది రేకుల షెడ్డు కూడానాయె, రొద లోపలే తిరుగుతుంది.

మంచి రకం బల్బు మార్చి చూడండి, లేదా ఆ ట్యూబ్‌లైటునే మళ్ళీ తగిలించండి. సీసీ కెమెరా అడాప్టర్లు, కారు సిగరెట్ సాకెట్లో పెట్టే ఫోన్ చార్జర్లు కూడా ఇదే పని చేస్తాయి. రిమోట్ దూరం ఉన్నట్టుండి తగ్గితే, ఈమధ్య ఇంట్లో గానీ బండిలో గానీ కొత్తగా ఏం తగిలించామని మొదట వెతకాలి.

ఆన్‌లైన్‌లో రిమోట్ కొనేవాళ్ళు వెనక రాసిన ఫ్రీక్వెన్సీ చూసుకోండి. కొన్ని దేశాల బండ్లకు 315 వాడతారు. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి, 433 బండికి 315 రిమోట్ ఎన్నటికీ పలకదు.

ఉగ్గాని బజ్జీ (నంద్యాల)
మే 7, ఉదయం 10:10

ఆ పడి లేచే లాకును తేలిగ్గా తీసుకోవద్దు తమ్ముడూ. పోయినేడు ఇదే నెలలో మా బండికీ ఇలాంటి పిచ్చే పట్టింది, మాది తిరగబడి, లేచిన డోర్లు వాటంతటవే పడేవి. కూరగాయల సంచి డిక్కీలో పెట్టడానికి దిగాను. తాళంచెవి సీట్లో, రెండేళ్ళ పాప వెనక సీట్లో. డోరు మూయగానే అన్నీ టక్కుమని పడిపోయాయి. ఇంజన్ ఆపేసి ఉంది, ఏసీ లేదు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు.

టీ బంకు దగ్గరున్న లారీ డ్రైవరన్న పరుగెత్తుకొచ్చి, పాప కూర్చున్న వైపు కాకుండా అవతలి వైపు ముందు డోర్ అద్దం పగలగొట్టాడు. అద్దం మధ్యలో రాయితో కొడుతుంటే కాలేదు, స్క్రూడ్రైవర్ మొన మూలకు పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పొడి పొడిగా రాలిపోయింది. పక్క అద్దాలు అలా పగులుతాయట. డ్రైవర్ ఎదురుగా ఉండే పెద్ద అద్దం జోలికి పోవద్దన్నాడు, దానికి మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ఊడిరాదు. మొత్తం ఐదారు నిమిషాలు. పాప చెమటతో ముద్దయిపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు.

అప్పట్నుంచి కారు దిగితే తాళంచెవి నా చేతికే. పసిపిల్లలున్నవాళ్ళు లాకులో ఏ చిన్న తిక్క కనబడ్డా ముందు అది బాగుచేయించండి. మీలో ఎవరికైనా ఇలా జరిగితే అద్దం ఖరీదు ఆలోచించొద్దు, 112కు ఫోన్ చేయమని పక్కవాళ్ళకు చెప్పి మీరు అద్దం సంగతి చూడండి. ఇంకోటి, రిమోట్ నుంచి తీసిన పాత సెల్లు టేబుల్ మీద పెట్టకండి. పిల్లలు మింగితే గొంతులో కాలిపోతుంది.

గుత్తి రోడ్డు మేస్త్రి
మే 7, ఉదయం 11:30

అక్కా, గుండె ఝల్లుమంది. గట్టూ, ఈ ఆదివారమే పని పెట్టుకో. సోల్డరింగ్ చేయగలవా? చేస్తానంటే చెబుతా, లేదంటే దగ్గర్లో వైరింగ్ పని తెలిసినవాళ్ళ దగ్గరికి పో. గంట పని.

తుంగభద్ర గట్టు
మే 7, మధ్యాహ్నం 12:15

చేయగలను అన్నా. డిప్లొమాలో నేర్చుకున్నదాంట్లో మిగిలింది అదొక్కటే.

గుత్తి రోడ్డు మేస్త్రి
మే 7, రాత్రి 9:20

సరే, విను. బ్యాటరీ నెగెటివ్ ముందు ఊడదీయ్. రబ్బరు గొట్టాన్ని బాడీ వైపు అంచు నుంచి వేలితో తిప్పుతూ బయటికి లాగు, స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచావంటే చిరిగిపోతుంది. ఒక్కో వైరునూ లాగి చూడు. తెగింది దొరికాక పక్కదాన్ని కూడా అనుమానించు, ఒకటి తెగిందంటే రెండోది దారిలో ఉన్నట్టే. అన్నీ ఒకేసారి కోసేసి తర్వాత రంగులు చూసుకుందాంలే అనుకోవద్దు, ఎండకు వెలిసిన రంగుల్లో బ్రౌనేదో ఎరుపేదో దేవుడికే తెలియాలి. ఒకటి కోయ్, అతుకు, తర్వాత ఇంకోటి.

వంగే చోట అతుకు పెడితే ఆరు నెలల్లో మళ్ళీ అక్కడే తెగుతుంది. కొత్త వైరు ముక్క గొట్టం కంటే కాస్త పొడవుగా వేసి, రెండు అతుకులూ గొట్టానికి అటూ ఇటూ, వంపు లేని చోట పడేలా చూసుకో. ఇంట్లో వాడే బిరుసు వైరు పనికిరాదు, సన్న పోగులు ఎక్కువున్న మెత్తటి వైరు తీసుకో. అతుకులన్నీ ఒకే వరసలో రాకుండా ముందూ వెనకా ఉండాలి, లేకపోతే ఒకేచోట లావెక్కుతాయి. పైన హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునేది) వేయి. నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టావో, మన సీమ ఎండకు ఆ జిగురు కారిపోయి టేపు దానంతటదే విప్పుకుంటుంది. నా దగ్గరికొచ్చే బండ్లలో సగం ఆ టేపు బాపతే.

ఇంకోటి, ఫ్యూజు ఎగిరిపోతే దాని మీద ఎంతుంటే అంతే వేయాలి. 15 ఉన్న చోట 30 వేసి "ఇక పోదులే అన్నా" అన్నవాడి బండి వైరింగు మొత్తం మార్చాను ఒకసారి. మూడు రోజులు పట్టింది. వాడు నవ్వుతూనే డబ్బులిచ్చాడు గానీ ఆ నవ్వు వేరు.

ఎర్రమట్టి 2011
మే 8, ఉదయం 7:50

మేస్త్రి గారూ, నాదింకో సందేహం. జేబులో రిమోట్ బటన్ వందసార్లు నొక్కుకుపోతే లెక్క తప్పి పనిచేయడం మానేస్తుందంటారు, నిజమేనా?

రేడియో మాష్టారు
మే 8, ఉదయం 9:15

కొంత నిజం. రిమోట్ ప్రతి నొక్కుకూ కొత్త కోడు పంపుతుంది, నిన్నటిది ఇవాళ చెల్లదు. దొంగ ఎవడైనా గాల్లోంచి పట్టుకుని మళ్ళీ వాడకుండా ఈ ఏర్పాటు. కారు తన లెక్కలో తర్వాత రాబోయే కొన్ని కోడుల వరకు ఒప్పుకుంటుంది. కారుకు దూరంగా మరీ ఎక్కువసార్లు నొక్కితే రిమోట్ ముందుకెళ్ళిపోతుంది, కారు వెనకబడుతుంది. చాలా రకాల్లో కారు దగ్గర నిలబడి వరసగా రెండుసార్లు నొక్కితే లెక్క మళ్ళీ కలుస్తుంది. కలవకపోతే రిమోట్‌ను బండికి మళ్ళీ నేర్పించాలి. ఆ పద్ధతి ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. వీడియోలు చూసి ఇగ్నిషన్ ఐదుసార్లు తిప్పి డోరు మూడుసార్లు కొట్టే పూజలు పెట్టుకోకండి. నేర్పించడానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న తాళంచెవులన్నీ తీసుకెళ్ళండి. కొన్ని బండ్లలో కొత్తగా నేర్పడం మొదలుపెట్టగానే పాతవన్నీ చెరిగిపోతాయి.

తుంగభద్ర గట్టు
మే 10, రాత్రి 9:30

ఆదివారం పని రిపోర్టు. పొద్దున ఉగ్గాని తిని ఏడింటికి మొదలుపెట్టాను, ఎండ ముదరకముందే అయిపోతుందనుకున్నా. ఒంటిగంటన్నర అయింది.

రబ్బరు గొట్టం ఊడదీసి వైర్లు లాగితే ఒకటి అన్న చెప్పినట్టే రబ్బరులా సాగి, చేతికే ఊడివచ్చింది. రెండోది సగం పోగుల మీద వేలాడుతోంది. రెండూ మార్చాను. బ్యాటరీ తగిలించి తాళంచెవి తిప్పితే డోర్లు పడ్డాయి, పడినవి పడినట్టే ఉన్నాయి. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో! ఇరవైసార్లు తెరిచి మూశాను, మా అమ్మ "ఇంక చాల్లేరా, మళ్ళీ తెగుతాయి" అనేదాకా.

వెనక డోర్ ప్యాడ్ విప్పి, మోటారు నుంచి కడ్డీ తప్పించి చూశాను. చేత్తో కదిపితే కడ్డీ మెత్తగానే కదిలింది. మోటారు తిరుగుతోంది గానీ కొస కదలడం లేదు. పళ్ళు అరిగినట్టే. మా బండికి మోటారు, లాకు కలిపి ఒకటే సామాను. కొత్తది ఆర్డరు పెడితే పదిహేను రోజులన్నారు, ధర విని దణ్ణం పెట్టి వచ్చేశా. బయట దొరికే రెండు వైర్ల గన్ను (విడి లాక్ మోటారు) 300కు తెచ్చి, రేకు పట్టీతో బిగించి, దాని కడ్డీని పాత కడ్డీకి క్లాంపు వేశాను.

ఇక్కడే ఒక ఘనకార్యం చేశా. అన్ని డోర్లూ పడినప్పుడు ఇది లేస్తోంది, అన్నీ లేచినప్పుడు ఇది పడుతోంది.

గుత్తి రోడ్డు మేస్త్రి
మే 10, రాత్రి 9:48

రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు మార్చు, అంతే. ఆ మోటారుకు ప్లస్సు ఒకవైపు వస్తే తోస్తుంది, రెండోవైపు వస్తే లాగుతుంది. మోటారు కొస పూర్తిగా చాచినప్పుడు కడ్డీ కూడా చివరిదాకా పోతోందా చూసుకో, మధ్యలో ఆగితే కొత్త పళ్ళూ అరుగుతాయి. ఇంకోటి, ఆ డోరు అద్దం కిందికి దించి చూశావా? అద్దం గన్నుకు తగలకూడదు.

డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ కాగితం ఉంది కదా, దాన్ని చించి పారేయలేదు కదా?

తుంగభద్ర గట్టు
మే 11, ఉదయం 6:30

వైర్లు మార్చాను, ఇప్పుడు నాలుగూ ఒకే మాట మీదున్నాయి. అద్దం తగలడం లేదు.

కాగితం... సగం చిరిగింది అన్నా. ఎందుకుంటుందో తెలియక పీకేశాను.

గుత్తి రోడ్డు మేస్త్రి
మే 11, ఉదయం 8:00

అద్దం పక్కనుంచి దిగే వాన నీళ్ళు డోరు లోపలి నుంచే కింది కన్నాల్లోంచి బయటికి పోతాయి. ఆ కాగితం లేకపోతే నీళ్ళు ప్యాడ్‌కు తగిలి కాళ్ళ దగ్గరికి వస్తాయి. ఇప్పుడు ఎండే కదా అని వదిలేస్తే, వానలు పట్టాక కార్పెట్ వాసనకు నువ్వే మళ్ళీ ఇక్కడ పోస్టు పెడతావు. మందపాటి పాలిథిన్ షీటు కొలతకు కోసి, చుట్టూ బ్యూటైల్ టేపుతో అంటించు. పనిలో పనిగా నాలుగు లాకులకూ తెల్ల గ్రీజు కొంచెం రాయి. తాళంచెవి కన్నంలో మాత్రం గ్రీజు పెట్టొద్దు, దుమ్ము పట్టి గట్టిపడుతుంది. అక్కడ గ్రాఫైట్ పొడి చాలు.

కడప కారం
మే 11, ఉదయం 8:20

మొత్తం ఖర్చెంత అన్నా? 9,500లో ఎంత మిగిలింది?

తుంగభద్ర గట్టు
మే 11, రాత్రి 9:15

గన్ను 300, వైరు, హీట్ ష్రింక్ కలిపి 90, కొత్త బల్బు 140. అనవసరంగా మార్చిన రెండు సెల్లులు 100. టేపు, షీటు ఇంకా కొనాలి. షెడ్డులో కొత్త బల్బు వెలుగుతుండగానే ఇవాళ రాత్రి వరండాలోంచి లాక్ చేశాను మాష్టారూ.

ప్యాడ్ విప్పేటప్పుడు ప్లాస్టిక్ క్లిప్పులు మూడు విరిగాయి, ఒక మూల ఊగుతోంది. కర్నూలులో అవి యాడ దొరుకుతాయి?

బురుజు నీడ
మే 11, రాత్రి 9:40

కారు సీటు కవర్లు, డెకరేషన్ సామాన్లు అమ్మే కొట్లలో డబ్బాల కొద్దీ ఉంటాయి. పేరు చెప్పి అడిగితే ఏదో ఒకటి ఇచ్చేస్తారు, విరిగినదాన్ని ఒకటి జేబులో వేసుకుని పోండి. మూడు కాదు, పది కొనండి. తిరిగి బిగించేటప్పుడు ఇంకో రెండు విరుగుతాయి.